ఫిన్ జోలికి పోకండి: ఒంటి స్కీ మొదటి పాఠాలు

మా అక్క కొడుకు గుడియాత్తం నుంచి ఫ్లోరిడా వచ్చి నాలుగు రోజులు కాలేదు. పొద్దున్నే గరాజ్‌లో ఏదో చప్పుడవుతుంటే వెళ్ళి చూశాను. నీళ్ళ మీద వేసే నా స్లాలమ్ స్కీని బోర్లా పడుకోబెట్టుకుని, చేతిలో ఎలెన్ కీతో కూర్చుని ఉన్నాడు. "మామా, తోక దగ్గర ఈ రేకు స్క్రూలు బిగుసుకుపోయినాయి, ఒకసారి విప్పి తుడుద్దామని" అన్నాడు. కాఫీ కప్పు పక్కన పెట్టి ముందు ఆ ఎలెన్ కీ లాక్కున్నాను.

వాడి తప్పు లేదు. కొత్త సైకిల్ కొంటే సీటూ హ్యాండిలూ సవరించనిదే ఎక్కని జాతి మనది. ఒంటి స్కీ నేర్చుకున్న మొదటి వేసవిలో నేనూ ఇదే చేశాను. కొలత రాసుకోకుండా ఆ తోక రేకును, అంటే ఫిన్‌ను, విప్పాను, తుడిచాను, బిగించాను. కంటికి ఎప్పటిలాగే కనబడింది. ఆ నెలంతా మలుపు తిరిగినప్పుడల్లా స్కీ తోక పక్కకు జారిపోయేది. మోకాళ్ళు అనుకున్నాను, వయసు అనుకున్నాను, బోటు నడిపే మిత్రుణ్ణి కూడా అనుమానించాను. చివరికి స్కీతో వచ్చిన కొలతల కాగితం వెతికి పట్టుకుంటే తేలింది: ఫిన్ లోతు అర మిల్లీమీటరు తగ్గింది. అంతే.

అందుకని ఈ పాఠాల్లో సగం బిగించుకోవాల్సిన వాటి గురించి, సగం ముట్టుకోకూడని వాటి గురించి. మిగిలింది ఎండ గురించి. లెక్క కుదరలేదంటారా, ఎండను ఎవరూ ముందు లెక్కలో వేసుకోరు, అదే గొడవ.

ముందు రెండు, తర్వాత ఒకటి

ఇది రెండు స్కీల మీద నిలబడడం వచ్చి, ఒక్క స్కీకి మారదామనుకునేవాళ్ళకు. రెండింటి మీద ఇంకా నిలబడనివాళ్ళు ముందు ఆ పని చూసుకోండి. ఈత రానివాళ్ళు అంతకంటే ముందు ఈత నేర్చుకోండి.

స్లాలమ్ అంటే ఒకే స్కీ మీద రెండు కాళ్ళూ ఒకదాని వెనక ఒకటి పెట్టి, బోటు అలకు అటూ ఇటూ కోసుకుంటూ పోవడం. పోటీల్లో అయితే 259 మీటర్ల బాట ఉంటుంది. బోటు నడిమధ్యన నేరుగా పోతుంది, స్కీ మీదివాడు ఆ మధ్యగీతకు 11.5 మీటర్ల దూరంలో తేలే ఆరు బంతులను కుడీ ఎడమా మార్చి మార్చి చుట్టి రావాలి. మగవాళ్ళకు గరిష్ఠ వేగం గంటకు 58 కిలోమీటర్లు, ఆడవాళ్ళకు 55. అది చేరాక తాడు కురచ చేస్తూ పోతారు. ఆ బంతులతో మీకూ నాకూ ఇప్పట్లో పని లేదు.

ఈ ఆట మొదలైందే ఇంట్లో చేసుకున్న సరంజామాతో. 1922లో అమెరికాలోని మిన్నెసోటాలో, పెపిన్ సరస్సు మీద, రాల్ఫ్ శామ్యుయెల్సన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు పీపా చెక్కలు కట్టుకుని చూశాడు, మంచు మీద జారే స్కీలు కట్టుకుని చూశాడు. రెండూ మునిగాయి. చివరికి వెడల్పాటి చెక్క పలకలు తెచ్చి, వాటి కొసలు వేడినీళ్ళలో ఉడికించి పైకి వంచి, తోలుపట్టీలు కొట్టి నిలబడ్డాడు. పట్టుకోవడానికి ఒక ఇనుప కడియం. ఇవాళ మన చేతికొచ్చే కార్బన్ స్కీకి అతని పలకకు ఉన్న తేడాల్లో మనకు ముఖ్యమైనవి రెండు: పాదం పట్టే బైండింగ్, తోక కింద ఉండే ఫిన్. మొదటిది మీది. రెండోది ప్రస్తుతానికి కాదు.

ఏ కాలు ముందు?

వెనక నుంచి ఎవరితోనైనా తోయించుకుని, తమాయించుకోడానికి ఏ కాలు పడుతుందో చూడమనే చిట్కా ఒకటి ఉంది. నాకు దాని మీద గురి లేదు, ఒక్కోసారి ఒక్కో కాలు పడుతుంది. నీళ్ళ మీదే చూసుకోండి. రెండు స్కీల మీద నేరుగా పోతున్నప్పుడు ఒక స్కీని బెత్తెడు పైకెత్తి మూడు అంకెలు లెక్కపెట్టండి. తర్వాత రెండోది. ఏ కాలి మీద వణుకు తక్కువో అదే మీ ముందు కాలు. కుడిచేతివాటానికీ దీనికీ సంబంధం వెతక్కండి.

స్కీ కొలత మీ బరువును, బోటు వేగాన్ని బట్టి ఉంటుంది, ఎత్తును బట్టి కాదు. మనిషి బరువైతే పొడుగు స్కీ, వేగం తక్కువైతే వెడల్పు స్కీ. ప్రతి కంపెనీ పట్టిక ఒకటి ఇస్తుంది, అందులో రెండు కొలతల నడుమ పడితే పెద్దదే తీసుకోండి. పోటీలు ఆడేవాళ్ళ సన్న స్కీ చవగ్గా దొరికిందని ఎగబడొద్దు. నిదానం వేగంలో అది మునగడానికే చూస్తుంది.

బైండింగ్: చెప్పుల అంగడిలో కూర్చున్నట్టు కూర్చోండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. బైండింగ్‌ను పొడికాలికి వేసి చూసి కొనకండి. పాదం తడుపుకుని, బైండింగ్ తడిపి, వాటికని అమ్మే జారుడు ద్రవమో నీళ్ళలో కలిపిన బేబీ షాంపూనో రాసి తొడగండి. కొబ్బరినూనె, వ్యాజ్‌లైన్ మాత్రం వద్దు, రబ్బరు చెడిపోతుంది.

తొడిగాక గడ్డి మీద నిలబడి మోకాలు ముందుకు వంచండి. మడమ లేవకూడదు. వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. అయిదు నిమిషాలకు తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువ. మడమ కింద నా చిటికెన వేలు దూరితే వదులు ఎక్కువ, అని మా మేనల్లుడి కాలు పట్టుకుని చూపించాను. మామ తన కాలు పట్టుకోవడం వాడికి ఇబ్బందిగానే ఉంది. పడినప్పుడు చీలమండ మెలిపడకుండా పాదం బయటికి రావాలి, నడిచేటప్పుడు రాకూడదు. ఆ రెంటికీ నడుమ ఉన్న బిగువు మీ పాదానికి ఎంతో మీరే తెలుసుకోవాలి.

వెనక కాలికి మొదట్లో బూటు వద్దు, వేళ్ళు దూర్చే అడ్డపట్టీ చాలు. రెండు బూట్లుంటే పడినప్పుడు రెండూ ఊడాలి, లేదా రెండూ ఉండాలి. ఒకటి ఊడి ఒకటి ఉండిపోతేనే ఎముక విరిగే పని. కొత్తవాడు ఆ బిగువులు సమానం చేసుకోలేడు. పట్టీ అయితే కాలు దానంతట అదే జారి వస్తుంది.

బైండింగ్ పలకకు వరసగా రంధ్రాలుంటాయి. కంపెనీ చెప్పిన చోట, చెప్పకపోతే నడిమి రంధ్రంలో బిగించండి. బూటు ముందుకు జరిపితే స్కీ ముక్కు నీళ్ళలో దిగుతుంది, వెనక్కు జరిపితే పైకి లేస్తుంది. మలుపులో ముక్కు గుచ్చుకుని మిమ్మల్ని ముందుకు విసిరేస్తుంటే ఒక్క రంధ్రం వెనక్కు. ముక్కు గాల్లోనే ఉండి స్కీ తిరగనంటుంటే ఒక్క రంధ్రం ముందుకు. అయితే ఆ పనికి ముందు వారం రోజులు ఆగండి. కొత్తవాళ్ళు భయంతో వెనక కాలి మీద కూర్చుంటారు, అప్పుడు ఎవరి స్కీ ముక్కయినా గాల్లోనే ఉంటుంది. దానికి మందు స్క్రూలో లేదు, మోకాలు వంచడంలో ఉంది.

నీళ్ళలో దిగే ప్రతిసారీ స్క్రూలు చేత్తో తడిమి చూసుకోండి. వదులుంటే బిగించండి. బలమంతా చూపిస్తే లోపలి మర అరిగి స్కీయే పోతుంది.

ఫిన్: కొలిచి, రాసుకుని, వదిలేయండి

తోక కింద అరచేయంత లోహపు రేకు, అదే ఫిన్. పడవకు చుక్కానిలాంటిదనుకోండి, కాకపోతే తిరగదు. దానికి మూడు కొలతలు: పొడవు, నీళ్ళలోకి దిగే లోతు, తోక చివరి నుంచి దూరం. వాటిని గాడి ఉన్న కాలిపర్‌తో అంగుళంలో వెయ్యో వంతు దాకా కొలుస్తారు. అనుభవం ఉన్నవాళ్ళు ఒకసారికి జరిపేది వెయ్యిలో అయిదు వంతులు, అంటే రమారమి ఒక కాగితం మందం. ఆ కాగితం మందానికే స్కీ నడక మారుతుంది. లోతు పెంచితే తోక నీళ్ళను గట్టిగా పట్టుకుంటుంది, తగ్గిస్తే సులువుగా జారి చురుగ్గా తిరుగుతుంది. ఫిన్‌కు పక్కన చిన్న రెక్క ఉంటే అది వేగానికి కళ్ళెం. పోటీవాళ్ళకు కావాలి, మీకు అక్కర్లేదు.

కాబట్టి మీరు చేయాల్సింది: కాలిపర్ ఉన్నవాళ్ళెవరితోనైనా మూడు కొలతలూ తీయించి, స్కీ పైభాగాన చెరగని సిరాతో రాయించండి. కంపెనీ కాగితంతో సరిపోతే స్క్రూల మీద ఒక టేపు అంటించి మరిచిపోండి. నేలకు తగిలి ఫిన్ వంగిందా, అంచు లొట్టపడిందా అని మాత్రం చూసుకుంటూ ఉండండి. అంచు కత్తిలా ఉంటుంది, మోసేటప్పుడు తొడుగు వేయండి. ఎప్పటికైనా ఏదైనా మార్చే రోజు వస్తే, ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే ఏది పని చేసిందో బ్రహ్మకు కూడా తెలియదు.

తాడు, జాకెట్, చెరువు

నేను ఈత నేర్చుకుంది కావేరిపాక్కం చెరువులో. ఇప్పుడది రాణిపేట జిల్లా, 2019 దాకా వేలూరు జిల్లా. తొమ్మిదో శతాబ్దంలో పల్లవరాజు మూడో నందివర్మ కట్టించిన చెరువు, తమిళనాడులోని పెద్ద చెరువుల్లో ఒకటి. పాలారు నీళ్ళు దానికి ఆధారం. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి మా నాయన కట్ట మీది నుంచి తోసేవాడు. ఆ బుర్ర పని ఇప్పుడు లైఫ్ జాకెట్ చేస్తుంది. ఒంటికి పట్టినట్టుండాలి. ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి, చెవుల దాకా లేస్తే అది మీది కాదు. తాడు లాగితే గాలి నిండే రకం ఈ ఆటకు పనికిరాదు, వేగంలో పడినప్పుడు వచ్చే దెబ్బకు అది ఆగదు.

మా చెరువు పేరు ఎత్తాను కదా అని అక్కడ స్కీ వేద్దామనుకునేరు. అది సేద్యపు చెరువు. మన చెరువుల్లో తూము దగ్గర నీటి లాగుడు, అడుగున తుమ్మమొద్దులు, జాలర్ల వలలు, కట్టకు పేర్చిన రాళ్ళు ఉంటాయి. మొరవ పోయే రోజుల్లో సముద్రంలా ఉంటుంది, వేసవికి మేకలు మేస్తుంటాయి. స్కీకి కావాల్సింది అడుగు తెలిసిన నీళ్ళు, కనీసం అయిదారడుగుల లోతు, రెండు పక్కలా నూరేసి అడుగుల ఖాళీ.

కొత్తవాళ్ళకు తాడు 23 మీటర్లు ఉంచండి. పిడి దగ్గర పీచు లేచిందా, ముడి పడిందా అని చేత్తో జార్చుతూ చూడండి. తాడును చేతికి చుట్టుకోవడం, మెడలో వేసుకోవడం సరదాకి కూడా వద్దు. ఒక అరచెయ్యి పైకి, ఒకటి కిందికి పెట్టి పిడి పట్టుకుంటే జారదు.

బోటులో నడిపేవాడు కాక మిమ్మల్ని చూస్తూ కూర్చునే మనిషి ఒకరుండాలి. మాకు ఆ పని మా ఆవిడది, బోటు నెల్లూరు మిత్రుడిది. సైగలు ముందే మాట్లాడుకోండి. బొటనవేలు పైకి: వేగం పెంచు. కిందికి: తగ్గించు. మెడ మీద అడ్డంగా చెయ్యి: ఆపు. తల మీద అరచెయ్యి: ఒడ్డుకు పోదాం. పడ్డాక రెండు చేతులూ తల పైన కలిపితే: బాగానే ఉన్నాను. మిమ్మల్ని ఎక్కించుకునేటప్పుడు ఇంజన్ పూర్తిగా ఆగాలి. ఇంజన్ నడుస్తుండగా బోటు వెనక మెట్టు మీద కూర్చోకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

లేవడం

ఒక్క స్కీతో లోతు నీళ్ళ నుంచి లేవడం తర్వాత. ముందు రెండింటితో లేచి, నేరుగా పోతూ, వెనక కాలి స్కీని మెల్లగా జారవిడవండి. ఎక్కడ వదులుతారో బోటులోవాళ్ళకు ముందే చెప్పండి, లేకపోతే ఆ సాయంత్రమంతా దాన్ని వెతకడంతో సరి. వదిలిన కాలిని వెంటనే పట్టీలో దూర్చాలని తొందరపడొద్దు. కొన్ని క్షణాలు వేళ్ళ చివర్లు నీళ్ళలో ఈడ్చుకుంటూ రానివ్వండి, అదే చుక్కానిలా నిలబెడుతుంది. చూపు నీళ్ళ మీద కాదు, బోటు మీద. చేతులు చాచి ఉంచండి. పిడిని గుండెకు లాక్కున్నవాళ్ళంతా వెల్లకిలా పడినవాళ్ళే.

ఎండ

"గుడియాత్తం కత్తిరి చూసినోళ్ళకు ఇదొక ఎండా మామా?" అన్నాడు మావాడు, నేను సన్‌స్క్రీన్ డబ్బా చేతిలో పెడితే. పంచాంగంలో కర్తరి అని రాస్తారే, దాన్నే మా వైపు కత్తిరి అంటాం. మే మొదటి వారంలో పట్టుకుని నెలాఖరుకు వదులుతుంది. నిజమే, మా వేలూరు ఎండ ముందు చాలా ఊళ్ళ ఎండ దిగదుడుపే. కానీ వాడు ఒకటి మరిచాడు. కత్తిరిలో పదకొండు దాటితే గుడియాత్తంలో ఎవడు బయట ఉంటాడు? మగ్గాల ఇంటి చూరు కిందో, వేపచెట్టు కిందో, తల మీద తుండుగుడ్డతో, చేతిలో మజ్జిగ చెంబుతో ఉంటాడు. ఎండను ఓర్చుకోవడం కాదు మన పెద్దలకు తెలిసింది, తప్పుకోవడం. ఇక్కడ మనమే డబ్బులిచ్చి దాని నెత్తిన కూర్చుంటున్నాం.

ఇంకొకటి. ఒక మనిషి నీళ్ళ మీద స్కీ వేసేది పది నిమిషాలు. మిగతావాళ్ళ వంతు అయ్యేదాకా బోటులో కూర్చునేది రెండు గంటలు. ఒళ్ళు కాలేది ఆ రెండు గంటల్లో. తడి ఒంటికి గాలి తగిలి చల్లగా ఉంటుంది, చర్మం చుర్రుమన్న సంగతి రాత్రి దుప్పటి తగిలితే గానీ తెలియదు. నీళ్ళలో ఉన్నాం కదా అనుకోవడం కూడా భ్రమే. అర మీటరు లోతున కూడా పైనున్న అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో 40 శాతం దాకా ఉంటాయి.

యూవీ సూచీ అని ఫోన్లో కనబడుతుంది, చూసుకోండి. 3 వస్తే జాగ్రత్త మొదలు, 11 అంటే తీవ్రం. దక్షిణాదిన వేసవి మధ్యాహ్నాల్లో అది మామూలు, ఫ్లోరిడా జూన్‌లోనూ అంతే. ఫోన్ లేకపోతే మీ నీడను చూడండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే బోటుకు పందిరి ఉండాలి, లేదా మీరు ఇంట్లో ఉండాలి. మేం ఆరున్నరకే నీళ్ళలో ఉంటాం, పదికల్లా బోటు కట్టేస్తాం. పొద్దున నీళ్ళు అద్దంలా ఉంటాయి, స్కీకి కూడా అదే మంచిది. పైగా ఇక్కడ వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వస్తాయి. ఉరుము వినబడితే ఒడ్డుకు, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగొద్దు.

మందంటే ముందు గుడ్డ. ఒంటికి అంటుకునే పొడుగుచేతుల చొక్కా, యూపీఎఫ్ 50 అని ఉన్నది, సన్‌స్క్రీన్ కంటే నమ్మకమైనది. చెరిగిపోదు కాబట్టి. గుడ్డ లేనిచోట సన్‌స్క్రీన్: ఎస్‌పీఎఫ్ 30 అయితే యూవీబీ కిరణాల్లో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు డబ్బు పోయడం కంటే సరిపడా రాయడం ముఖ్యం. సరిపడా అంటే ముఖానికీ మెడకూ కలిపి ఒక టీ చెంచా, ఒక్కో చేతికి ఒకటి, ఒక్కో కాలికి ఒకటి, ఛాతీకి ఒకటి, వీపుకి ఒకటి. పసుపు బొట్టు పెట్టినట్టు రాస్తే ఆ డబ్బా మీద అంకె అబద్ధమవుతుంది. దిగడానికి ఇరవై నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి, తుడుచుకున్న ప్రతిసారీ మళ్ళీ రాయండి. అందరూ మరిచే చోట్లు: చెవులు, పాదాల పైభాగం, మోకాలి వెనక, పాపిట, పెదవులు. రాయకూడని చోట్లు: అరచేతులు, అరికాళ్ళు. జిడ్డు చేతికి పిడి నిలవదు. నుదుటికి కర్రలా ఉండే రకం రాసుకుంటే కంట్లోకి కారదు.

నల్లతోలుకు ఎండ ఏం చేస్తుందిలే అనేవాళ్ళు మన ఇళ్ళలో ఎక్కువ. ఎర్రబడడం తక్కువ కనబడుతుంది గానీ దెబ్బ తగలకుండా పోదు. కళ్ళకైతే ఆ మాత్రం కాపుదల కూడా లేదు. ఏళ్ళ తరబడి ఎండలో, నీటి మెరుపులో ఉన్నవాళ్ళకు తెల్లగుడ్డు మీద కండ పెరగడం మన జాలర్లలో చూస్తూనే ఉంటాం. బోటులో ఉన్నంతసేపు అంచు టోపీ, తాడు కట్టిన చలువ కళ్ళద్దాలు. స్కీ మీదికి పోయేటప్పుడు రెండూ బోటులోనే.

దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్ళు. ఉప్పేసిన మజ్జిగ ఐస్ పెట్టెలో పెట్టుకుంటే ఇంకా మంచిది. బీరు ఒడ్డుకు వచ్చి, బోటు కట్టేశాక. తల తిరగడం, వాంతి వచ్చేట్టుండడం, పిక్కలు పట్టేయడం కనబడితే జాకెట్ విప్పి, నీడకు చేర్చి, తడిగుడ్డ వేసి, గుక్క గుక్కగా తాగించండి. మాట తడబడినా, ఎక్కడున్నాడో తెలియకపోయినా అది వడదెబ్బ. అప్పుడు నీళ్ళు నోట్లో పోయకండి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళతో తడుపుతూ విసురుతూ ఉండగా ఇంకొకరు ఫోన్ చేయాలి. ఇక్కడ 911, మన దగ్గర 108.

ఎండ సరంజామాను కూడా తింటుంది. తాడు పెళుసెక్కుతుంది, బైండింగ్ రబ్బరు పగుళ్ళిస్తుంది, మూసిన కారులో వదిలిన స్కీకి అతుకులు ఊడతాయి. గంటసేపు ఎండలో ఉన్న నల్ల రబ్బరు బూటులో కాలు పెట్టి చూడండి, మళ్ళీ నేను చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడిగి నీడన ఆరేయండి.

పాఠాలు మొదలెట్టిన మూడో రోజు పొద్దున మావాడు స్కీ ఒకటి జారవిడిచి, ఊగి, తమాయించుకుని, వెనక కాలు పట్టీలో దూర్చి నిలబడ్డాడు. బోటులో మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. వాడి మొహం వెలిగిపోతోంది. కళ్ళలో పడుతున్న జుట్టును వెనక్కు తోసుకుందామని ఒక చెయ్యి వదిలి తల నిమురుకున్నాడు. మా ఆవిడ చూసి, "ఒడ్డుకట, తల మీద చెయ్యేశాడు" అంది. నెల్లూరు మిత్రుడు మర్యాదగా బోటు తిప్పి, వాణ్ణి తిన్నగా తీసుకెళ్ళి దిగుడు పలక పక్కన దింపేశాడు. "ఎందుకు మామా ఆపేసినారు?" అని నీళ్ళలోంచి వాడు ఒకటే అరుపు.